పాత సీఆర్‌టీ మానిటర్‌లో ఫాల్ట్ పట్టుకోవడం ఎలా?

అటక మీది పాత సీఆర్‌టీ మానిటర్‌ను, అంటే వెనక పెద్ద గాజు ట్యూబు ఉండేదాన్ని, దింపారు, దుమ్ము తుడిచారు, ప్లగ్ పెట్టి స్విచ్ వేశారు. లైటు రాలేదు. లేదా లైటు వచ్చింది గానీ బొమ్మ రాలేదు. లేదా బొమ్మ వచ్చి, పది నిమిషాలకు తెర మధ్యలో ఒక గీతలా ముడుచుకుపోయింది. ఇవి మూడూ వేర్వేరు జబ్బులు. వెతకాల్సిన చోట్లు కూడా వేరు. ఆ తేడా చూసుకోకుండా ముందే విప్పేసి, చేతికి అందిన పార్టునల్లా మార్చడం మొదలుపెడితే డబ్బు పోతుంది, ఒక్కోసారి మానిటర్ కూడా పోతుంది.

2000 ప్రాంతంలో నేను హైదరాబాద్‌లో నాలుగేళ్లు మానిటర్ల బెంచీ మీద పనిచేశాను. పార్టులు కోఠిలోని గుజరాతీ గల్లీలో కొనేవాళ్లం. ఇంటర్నెట్ సెంటర్లు, డీటీపీ సెంటర్లు, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌ల నుంచి రోజూ మానిటర్లు వచ్చేవి. ఇప్పుడు అడిగేవాళ్లు వేరు. పాత వీడియో గేములను అప్పటి తెర మీదే ఆడుకోవాలనుకునే పిల్లలు, పాత మెషీన్‌కు ఉన్న మానిటర్ పోతే పని ఆగిపోయే చిన్న వర్క్‌షాపుల వాళ్లు. ఇది వాళ్ల కోసమే రాస్తున్నాను. మీకు మల్టీమీటర్ వాడటం, సోల్డరింగ్ పట్టడం వచ్చని అనుకుంటున్నాను. రాకపోతే మొదటి భాగం వరకు మీరే చేసుకోండి, ఆ తర్వాతి పనికి తెలిసినవాళ్లను పక్కన పెట్టుకోండి.

విప్పకముందే సగం తెలుస్తుంది

ముందు పవర్ లైటు చూడండి. అసలు వెలగకపోతే లోపం కరెంటు వచ్చే దారిలో ఉంది. ఆకుపచ్చగా వెలుగుతూ తెర నల్లగా ఉంటే మానిటర్‌లోని పవర్ సప్లై చాలావరకు బాగానే ఉన్నట్టు. నారింజ రంగులో ఉన్నా, ఆరుతూ వెలుగుతూ ఉన్నా మానిటర్‌కు కంప్యూటర్ నుంచి సింక్, అంటే గీతలు ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే సిగ్నల్, అందడం లేదని అర్థం. అప్పుడు మానిటర్‌ను విప్పడం కాదు, కేబుల్ చూడాలి.

సిగ్నల్ కేబుల్‌ను కంప్యూటర్ నుంచి పీకేసి స్విచ్ వేయండి. చాలా మానిటర్లు కేబుల్ లేదని తెర మీద ఒక బాక్సు చూపిస్తాయి, లేదా రంగు పట్టీలు చూపిస్తాయి. అవి శుభ్రంగా కనిపిస్తే ట్యూబు, హైవోల్టేజ్, డిఫ్లెక్షన్ (కిరణాన్ని తెరంతా తిప్పే భాగం) అన్నీ బాగున్నట్టే. ఇక తప్పు కేబుల్‌లోనో, కంప్యూటర్‌లోనో, మానిటర్‌లో సిగ్నల్ లోపలికి వెళ్లే దారిలోనో ఉంటుంది.

కేబుల్ కొసన 15 పిన్నులు ఉండాలి. 9వ పిన్ను లేకపోతే కంగారుపడకండి, చాలా కేబుళ్లలో అది పుట్టుకతోనే ఉండదు. 1 ఎరుపు, 2 ఆకుపచ్చ, 3 నీలం, 13 హారిజాంటల్ సింక్, 14 వర్టికల్ సింక్. ఈ ఐదింటిలో ఏదైనా వంగిపోయిందేమో, లోపలికి తోసుకుపోయిందేమో చూడండి. ఆ తర్వాత మానిటర్‌ను కరెంటు నుంచి తీసేసి, మీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి 1కీ 6కీ మధ్య, 2కీ 7కీ మధ్య, 3కీ 8కీ మధ్య కొలవండి. మూడింట్లోనూ దాదాపు 75 ఓమ్‌లు రావాలి. ఒక జతలో ఓపెన్ చూపిస్తే ఆ రంగు వైరు కేబుల్‌లో తెగింది, ఎక్కువగా మానిటర్‌లోకి వెళ్లే మెడ దగ్గరే తెగుతుంది. కొలుస్తూ కేబుల్‌ను అటూ ఇటూ ఊపితే ఎక్కడ తెగిందో కూడా తెలుస్తుంది.

ఏ రంగు పోయిందో తెర చూస్తేనే చెప్పవచ్చు. తెల్లగా ఉండాల్సింది పసుపు పచ్చగా కనిపిస్తే నీలం పోయింది. గులాబీ రంగులోకి తిరిగితే ఆకుపచ్చ పోయింది. నీలి ఆకుపచ్చగా ఉంటే ఎరుపు పోయింది.

ఇక చెవి. మంచి మానిటర్ స్విచ్ వేయగానే చిన్నగా ‘ధమ్’మంటుంది, అది తెరకు పట్టిన అయస్కాంతాన్ని పోగొట్టే డీగాసింగ్ కాయిల్. ఆ వెంటనే తెర ముందు చెయ్యి పెడితే వెంట్రుకలు లేచినట్టు ఉంటుంది, అంటే హైవోల్టేజ్ పుట్టింది. సెకనుకు ఒకటి రెండుసార్లు ‘టిక్ టిక్’ అంటూ ఉంటే పవర్ సప్లై లేవబోయి, ఎక్కడో షార్ట్ తగిలి పడిపోతోంది. ‘సర్ర్’ అనో ‘చిట్’ మనో శబ్దం, ఓజోన్ వాసన వస్తే హైవోల్టేజ్ బయటికి కారుతోంది. కాలిన వాసనో పొగో వస్తే వెంటనే ప్లగ్ తీసేయండి. ఇంకోసారి వేసి చూద్దామని అనుకోకండి.

ఈ లక్షణాలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. విప్పాక కంగారులో మొదట ఏం జరిగిందో మర్చిపోతాం.

విప్పాక మొదటి పని

ప్లగ్ గోడ నుంచి తీసేయండి. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు. మెత్తటి దుప్పటి మడత వేసి, తెర కిందికి వచ్చేలా మానిటర్‌ను దాని మీద ఆనించి, వెనక స్క్రూలు విప్పండి. కొన్నింటిలో ఒకటి రెండు స్క్రూలు అడుగున తిరిగే స్టాండు కింద దాగి ఉంటాయి. వెనక మూతను నిటారుగా పైకి లాగండి. పక్కకు లాగితే ట్యూబు మెడకు తగులుతుంది. మెడ చాలా సన్నటి గాజు. అది విరిగితే లోపలికి గాలి దూరి ట్యూబు పోతుంది. అందుకే ట్యూబును ఎప్పుడూ మెడ పట్టుకుని ఎత్తకూడదు. పెద్ద గాజు పగిలితే ముక్కలు ఎగురుతాయి, కళ్లద్దాలు పెట్టుకోండి.

అందరూ ట్యూబుకు ఉన్న రబ్బరు టోపీని, అంటే ఆనోడ్ క్యాప్‌ను చూసి భయపడతారు. అక్కడ 24 వేల నుంచి 26 వేల వోల్టులు ఉంటాయి కాబట్టి భయపడాల్సిందే. కానీ అంతకంటే ప్రమాదమైనది పవర్ సప్లైలో నిలబడి ఉండే పెద్ద కెపాసిటర్. మన 230 వోల్టుల కరెంటును డీసీ చేస్తే సుమారు 325 వోల్టులు అవుతుంది. 220 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో ఆ వోల్టేజ్ దగ్గర 11 జౌళ్లకు పైగా శక్తి నిలవ ఉంటుంది. ట్యూబులో ఉండేది మామూలుగా 1 జౌల్ లోపే. ట్యూబు షాకు మనిషిని వెనక్కి విసిరేస్తుంది, ఆ కుదుపులో చెయ్యి దేనికో తగిలి తెగుతుంది. కెపాసిటర్ షాకు ఒక చేతి నుంచి రెండో చేతికి, గుండె మీదుగా పోతే ప్రాణమే పోవచ్చు. కాబట్టి రెండింటినీ ఖాళీ చేయాలి.

పెద్ద కెపాసిటర్‌కు 2.2 కిలోఓమ్, 10 వాట్ల రెసిస్టర్ తీసుకుని, దాని రెండు కాళ్లకూ ఇన్సులేషన్ ఉన్న వైర్లు అతికించి, కెపాసిటర్ రెండు కాళ్లకూ ఒక ఐదు సెకన్లు తాకించండి. తర్వాత మీటర్‌తో కొలవండి. 10 వోల్టుల కిందికి వచ్చాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ‘ఠప్’మనిపించడం బెంచీల మీద నేను చాలాసార్లు చూశాను. అది కెపాసిటర్‌ను పాడుచేస్తుంది, నిప్పురవ్వ కంట్లో పడుతుంది. అలా చేయకండి.

ట్యూబుకు పొడవాటి ప్లాస్టిక్ పిడి ఉన్న చదును స్క్రూడ్రైవర్ కావాలి. ట్యూబు వెనక నల్లటి పూత మీద అల్లిక వైరు ఒకటి సాగదీసి కట్టి ఉంటుంది. రెండు వైపులా క్రొకొడైల్ క్లిప్పులున్న వైరు తీసుకుని ఒక క్లిప్పు ఆ అల్లిక వైరుకు, రెండోది స్క్రూడ్రైవర్ ఇనుప కడ్డీకి పెట్టండి. హైవోల్టేజ్ రెసిస్టర్ దొరికితే మధ్యలో పెట్టడం ఇంకా మంచిది. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడిచేత్తో స్క్రూడ్రైవర్ మొనను రబ్బరు టోపీ కిందికి దూర్చి లోపలి ఇనుప క్లిప్పుకు తాకించండి. ‘టక్’మని వినపడవచ్చు, వినపడకపోవచ్చు. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ అదే చేయండి. ట్యూబు గాజులో ఇంకిన చార్జి కొద్దికొద్దిగా తిరిగి పైకి వస్తుంది, రెండోసారి చేసేది అందుకే. క్లిప్పును బోర్డు మీది గ్రౌండుకు మాత్రం పెట్టకండి. ఆ దెబ్బకు ఐసీలు పోతాయి.

ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకండి. కాళ్లకు చెప్పులు ఉండాలి, చేతికి ఉంగరం, వాచీ ఉండకూడదు.

సీరీస్ బల్బు

మానిటర్‌ను నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టి పరీక్షించే అలవాటు మానేయండి. ఒక హోల్డరులో 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టి, ఫేజు వైరులో సీరీస్‌గా కలిపి, ఒక సాకెట్‌తో చిన్న బోర్డు చేసుకోండి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. మానిటర్‌లో షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోతుంది, మీరు కొత్తగా వేసిన పార్టు మాత్రం బతికిపోతుంది. షార్ట్ లేకపోతే ఒక్కసారి భగ్గుమని తగ్గిపోతుంది. డీగాసింగ్ కాయిల్ ప్లగ్ తీసేసి ఈ పరీక్ష చేయండి, లేకపోతే మొదట్లో అది తాగే కరెంటుకే బల్బు వెలిగి మిమ్మల్ని తికమక పెడుతుంది. అంతా బాగున్నా బల్బు అడ్డం ఉన్నంతసేపు మానిటర్ పూర్తిగా లేవలేకపోవచ్చు, అది లోపం కాదు.

పార్టు మార్చే ముందు సోల్డరింగ్ చూడండి

నా బెంచీ అనుభవంలో ఎక్కువ మానిటర్లు ఒక్క పార్టు కూడా మార్చకుండా బాగయ్యాయి. వాటికున్న జబ్బు డ్రై సోల్డర్. బరువైన పార్టులు, వేడెక్కే పార్టులు రోజూ వేడెక్కి చల్లారుతూ ఉంటే వాటి కాళ్ల చుట్టూ టంకం పగిలి, కంటికి కనపడీ కనపడనట్టు ఒక వలయంలా గీత ఏర్పడుతుంది. పక్కన తడితే బొమ్మ వస్తోంది, మళ్లీ పోతోంది అంటే నూటికి తొంభై పాళ్లు ఇదే.

బోర్డును తిరగేసి, టార్చిలైటు ఏటవాలుగా పెట్టి, భూతద్దంతో చూడండి. ముందుగా హైవోల్టేజ్ పుట్టించే ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ కాళ్లు చూడాలి. మన టీవీ మెకానిక్‌లు దీన్నే ఈహెచ్‌టీ అంటారు. తర్వాత హీట్‌సింకుకు బిగించిన, బొమ్మను అడ్డంగా పరిచే హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్, దాని దగ్గరుండే చిన్న డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్, యోక్ (ట్యూబు మెడ చుట్టూ ఉండే డిఫ్లెక్షన్ కాయిల్) కనెక్టర్, బొమ్మను పైకీ కిందికీ పరిచే వర్టికల్ ఐసీ, ట్యూబు మెడకు తొడిగిన చిన్న బోర్డు మీది సాకెట్. అనుమానం ఉన్న ప్రతిచోటా పాత టంకాన్ని పంపుతో లాగేసి కొత్తది పెట్టండి. పాత దాని మీదే కొత్తది పూస్తే ఆరు నెలల్లో మళ్లీ పగులుతుంది.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒక డీటీపీ సెంటర్ మానిటర్‌కు నేను వరసగా మూడు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు వేశాను. ప్రతిదీ పావుగంటలో పోయింది. ఫ్లైబ్యాక్ పోయిందని కస్టమర్‌కు చెప్పేశాను కూడా. ఆ రోజు సాయంత్రం బోర్డును దీపం కిందికి తిప్పితే డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాలు ఒకటి చుట్టూ పగిలి ఉంది. బేస్‌కు సరిపడా కరెంటు అందక, ట్రాన్సిస్టర్ సగం తెరుచుకుని సగం మూసుకుని వేడెక్కి చస్తోంది. ఒక్క బొట్టు టంకం పెడితే సరిపోయింది. అప్పటి నుంచి సోల్డరింగ్ మొత్తం చూడకుండా ఒక్క పార్టూ పీకలేదు.

లైటే రాకపోతే

ఫ్యూజు చూడండి. గాజు లోపల నల్లగా, అద్దంలా మసి కట్టి ఉంటే అది పెద్ద షార్ట్‌కు పేలింది. సన్నటి వైరు మధ్యలో ఊరికే తెగి ఉంటే వయసైపోయి తెగిందేమో, కొత్తది వేసి సీరీస్ బల్బుతో చూడవచ్చు. ఫ్యూజు బదులు వైరు చుట్టడం, ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేయడం ఇల్లు తగలబెట్టుకునే పని.

పేలిన ఫ్యూజు అయితే బ్రిడ్జ్ డయోడ్లు, స్విచింగ్ మాస్‌ఫెట్, డీగాసింగ్ పోసిస్టర్ (వేడెక్కితే డీగాసింగ్ కాయిల్‌కు కరెంటు తగ్గించే పార్టు) ఈ మూడింటినీ వరసగా కొలవండి. మాస్‌ఫెట్ షార్ట్ అయితే అది ఒక్కటే పోయి ఊరుకోదు. దాని సోర్స్ కాలికి ఉండే ఒక ఓమ్ కూడా లేని చిన్న రెసిస్టర్, గేటు రెసిస్టర్, దాన్ని నడిపే 3842 రకం ఐసీ కూడా పోయి ఉంటాయి. నాలుగూ కలిపి మార్చండి. ఒకటి వదిలేస్తే మిగతా మూడూ మళ్లీ పోతాయి.

ఫ్యూజు బాగుండి, పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా ఉండి కూడా లైటు రాకపోతే ఐసీ లేవడం లేదు. 3842 ఐసీ 7వ కాలు మీద వోల్టేజ్ 16 వోల్టుల దాకా ఎక్కాలి, అప్పుడు ఐసీ నడక మొదలుపెడుతుంది. 10 వోల్టుల కిందికి దిగితే ఆగిపోతుంది. 7వ కాలు మీద ఏమీ లేకపోతే స్టార్టప్ రెసిస్టర్ ఓపెన్ అయింది. 10, 16 మధ్య ఊగుతూ ఉంటే ఆ కాలు పక్కనే ఉండే చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఎండిపోయింది, లేదా ట్రాన్స్‌ఫార్మర్ అవతలి వైపు షార్ట్ ఉంది. ముందు ఆ చిన్న కెపాసిటర్ మార్చి చూడండి. తక్కువ ఖర్చు, ఎక్కువసార్లు దోషి అదే. 105 డిగ్రీల రకమే కొనండి.

ఇక్కడ కొలిచేటప్పుడు మీటర్ నల్ల వైరు పెద్ద కెపాసిటర్ నెగటివ్‌కే పెట్టాలి. మానిటర్ ఇనుప ఫ్రేముకు పెడితే రీడింగ్ తప్పు వస్తుంది, ఎందుకంటే కరెంటు వైపు గ్రౌండు వేరు, బొమ్మ వైపు గ్రౌండు వేరు. ఈ రెండు గ్రౌండులనూ వైరుతో ఎప్పుడూ కలపకండి.

టిక్ టిక్ అంటూ ఉంటే

మొదటి అనుమానం హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్. ప్లగ్ తీసి, కెపాసిటర్ ఖాళీ చేసి, కలెక్టర్‌కూ ఎమిటర్‌కూ మధ్య కొలవండి. మీటర్ వైర్లు ఎటు తిప్పినా సున్నా చూపిస్తే అది పోయింది. బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య కొన్ని పదుల ఓమ్‌లు చూపిస్తే దాన్ని పోయిందని పారేయకండి. చాలా రకాల్లో లోపలే ఒక రెసిస్టర్, ఒక డయోడ్ ఉంటాయి.

కొత్త ట్రాన్సిస్టర్ వేసేముందు పవర్ సప్లైని విడిగా పరీక్షించండి. ట్రాన్సిస్టర్ పీకేసి, బీ ప్లస్ లైనుకూ (ఈ ట్రాన్సిస్టర్ వైపుకు వెళ్లే ముఖ్యమైన డీసీ సప్లై) బొమ్మ వైపు గ్రౌండుకూ మధ్య 60 వాట్ల బల్బు పెట్టి స్విచ్ వేయండి. బల్బు నిలకడగా వెలిగి, టిక్ టిక్ ఆగిపోతే సప్లై బాగుంది. అయినా టిక్ టిక్ అంటుంటే సెకండరీ, అంటే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ అవతలి వైపు, డయోడ్లలో ఒకటి షార్ట్.

ట్రాన్సిస్టర్ కొనే దగ్గర ఒక జాగ్రత్త. టీవీ పార్టుల షాపులో బీయూ2508 చేతిలో పెడతారు. అది సెకనుకు 15,625 గీతలు గీసే టీవీ కోసం చేసింది. మానిటర్ 640 బై 480 దగ్గరే 31 వేలకు పైగా, 1024 బై 768 దగ్గర 48 వేలకు పైగా గీస్తుంది. టీవీ ట్రాన్సిస్టర్ ఆ వేగాన్ని తట్టుకోలేదు, వేడెక్కి పోతుంది. పాత దాని మీద ఉన్న నంబరే అడగండి, లేదా మానిటర్ల కోసం చేసిన, 1500 వోల్టులు తట్టుకునే రకం తీసుకోండి. మైకా షీటు, హీట్‌సింక్ పేస్టు మర్చిపోవద్దు.

ట్రాన్సిస్టర్ పక్కనే 1600, 2000 వోల్టులు తట్టుకునే చిన్న కెపాసిటర్లు రెండు మూడు ఉంటాయి. వాటిలో ఒకటి విలువ తగ్గినా, కాలు ఊడినా హైవోల్టేజ్ అమాంతం పెరిగి కొత్త ట్రాన్సిస్టర్ కూడా పోతుంది. అదే విలువ, అదే వోల్టేజ్, అదే పాలీప్రొపిలీన్ రకం వేయాలి. వోల్టేజ్ మితిమీరితే మానిటర్‌ను ఆపేసే రక్షణ సర్క్యూట్ ఒకటి ఉంటుంది. మానిటర్ వెలిగి ఆరిపోతోందని కొందరు దాన్ని తెంపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఎక్స్‌రేలు పుట్టే దశ దాకా పోకుండా మిమ్మల్ని కాపాడేది అదే.

అన్నీ మార్చినా ట్రాన్సిస్టర్ పోతూనే ఉంటే ఫ్లైబ్యాక్ లోపల చుట్లు షార్ట్ అయి ఉండవచ్చు. మామూలు మీటర్‌తో ఇది తెలియదు, దీనికి రింగ్ టెస్టర్, అంటే కాయిల్ చుట్లు పరీక్షించే పరికరం, కావాలి. పైన ప్లాస్టిక్ ఉబ్బి ఉన్నా, సన్నటి రంధ్రం పడి ఉన్నా టెస్టర్ అక్కర్లేదు, అది పోయిందనే అర్థం. ఫ్లైబ్యాక్ మోడలుకు మోడలు మారుతుంది కాబట్టి అదే నంబరున్న పాత మానిటర్ దొరికితే తప్ప అక్కడితో ఆగిపోవడమే మంచిది.

మీటర్ వాడేవాళ్లకు ఇంకో మాట. మానిటర్ నడుస్తుండగా ఈ ట్రాన్సిస్టర్ కలెక్టర్ మీద మీటర్ పెట్టకండి. అక్కడ వెయ్యి వోల్టుల పల్సులు ఉంటాయి, మీటర్ కాలిపోతుంది. బీ ప్లస్ వోల్టేజ్ కూడా మీరు పెట్టిన రిజల్యూషన్‌ను బట్టి మారుతుంది, అందుకే పరీక్షంతా కంప్యూటర్‌ను 640 బై 480, 60 హెర్ట్జ్‌లో పెట్టి చేయండి.

పచ్చ లైటు ఉంది, తెర చీకటి

గదిలో దీపాలు ఆర్పి ట్యూబు మెడలోకి చూడండి. లోపల చిన్న నారింజ వెలుగు కనపడాలి. కనపడకపోతే హీటర్‌కు అందాల్సిన 6.3 వోల్టులు లేవు, లేదా మెడ బోర్డు సాకెట్ డ్రై సోల్డర్. హీటర్ వెలుగుతోంది, తెర ముందు వెంట్రుకలు లేస్తున్నాయి, అయినా చీకటే అంటే ఫ్లైబ్యాక్ మీద ఉండే రెండు నాబ్‌లలో స్క్రీన్ అని రాసి ఉన్నదాన్ని చూడండి. అది ఇప్పుడు ఎక్కడుందో పెన్నుతో గీత గీసుకుని, పొడి ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా పెంచండి. వెలుగూ, వంకర గీతలూ వస్తే ట్యూబు బతికే ఉంది, లోపం వీడియో వైపు ఉంది. మెడ బోర్డుకు వచ్చే 80 వోల్టుల ప్రాంతపు సప్లై చూడండి. తర్వాత నాబ్‌ను గీత దగ్గరికి తిప్పేయండి.

తెర అంతా ఒకే రంగులో, బ్రైట్‌నెస్ తగ్గించినా తగ్గకుండా మండిపోతుంటే ఆ రంగు యాంప్లిఫయర్ షార్ట్ అయింది, లేదా ట్యూబులోనే కేథోడ్, హీటర్ కలిసిపోయాయి. మొదటిది బాగవుతుంది, రెండోది ఇంట్లో అయ్యే పని కాదు.

గీతలు

అడ్డంగా ఒకే గీత కనిపిస్తే వర్టికల్ సర్క్యూట్ పోయింది. వెంటనే బ్రైట్‌నెస్ తగ్గించండి, లేకపోతే ఆ గీత తెర మీద శాశ్వతంగా కాలిపోతుంది. వర్టికల్ ఐసీ కాళ్లకు మళ్లీ సోల్డరింగ్ పెట్టండి, సప్లై కొలవండి, దాని పక్కనున్న 100 మైక్రోఫారడ్ల ప్రాంతపు ఎలక్ట్రోలైటిక్‌లు మార్చండి. ఆ తర్వాతే ఐసీ. బొమ్మ పైన నొక్కుకుపోయినా, మడత పడినా కూడా ఎక్కువగా ఆ కెపాసిటర్లే.

నిలువుగా ఒకే గీత వస్తే వెంటనే ఆపేయండి. హైవోల్టేజ్ ఉంది, యోక్‌కు మాత్రం హారిజాంటల్ కరెంటు అందడం లేదు. యోక్ కనెక్టర్ ఊడిందా, కాలిందా చూడండి.

మచ్చలు, మసక, చిటపటలు

మూలల్లో రంగు మచ్చలుంటే ముందు పక్కనున్న స్పీకర్లను దూరం జరపండి. పోకపోతే డీగాసింగ్ చూడాలి. స్విచ్ వేసినప్పుడు ‘ధమ్’ వినపడకపోతే పోసిస్టర్ పోయింది. వెంటవెంటనే ఆపి వేస్తే డీగాసింగ్ జరగదు, పోసిస్టర్ చల్లారడానికి అరగంట ఇవ్వండి.

పొద్దున్నే మసకగా ఉండి, పది నిమిషాలకు అక్షరాలు తేటపడుతుంటే మెడ సాకెట్‌లో తేమ, తుప్పు చేరాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మామూలు. ఫోకస్ నాబ్ తిప్పుతూ కూర్చోవద్దు, సాకెట్ మార్చండి. ఎప్పుడూ ఒకేలా మసకగా ఉంటేనే నాబ్.

చిటపట శబ్దం వస్తుంటే, చార్జి ఖాళీ చేశాక రబ్బరు టోపీ తీసి, గాజునూ రబ్బరునూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పూర్తిగా ఆరాక సిలికాన్ గ్రీజు పలచగా రాసి టోపీ పెట్టండి. నల్లటి పూతను మాత్రం తుడిచేయకండి, అది మురికి కాదు.

మూత వేసే ముందు

బాగైందనగానే మూత బిగించకండి. సీరీస్ బల్బు తీసేసి, మూత వదులుగా పెట్టి, 640 బై 480లో రెండు గంటలు నడపండి. ప్లగ్ తీసి, చార్జి ఖాళీ చేసి, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ హీట్‌సింక్ మీద వేలు పెట్టి చూడండి. వేడిగా ఉండాలి గానీ వేలు రెండు సెకన్లు కూడా ఆనకపోతే డ్రైవర్ వైపు ఇంకా ఏదో ఉంది, మళ్లీ వెతకండి. సరిగ్గా ఉంటే ఎక్కువ రిజల్యూషన్‌లో ఇంకో గంట నడిపి, అప్పుడు స్క్రూలు బిగించండి.

ట్యూబే పోయిందని తేలితే బోర్డులు, కేబుల్, యోక్ విప్పి దాచుకోండి, ఇంకో మానిటర్‌కు పనికొస్తాయి. ట్యూబు గాజులో సీసం ఉంటుంది, దాన్ని పగలగొట్టి చెత్తలో వేయకండి. రిజిస్టరైన ఈ-వేస్ట్ రీసైక్లర్‌కు అప్పగించండి. వాళ్లు వచ్చేదాకా మెడ విరగకుండా అట్టపెట్టెలో పాత దుప్పటి చుట్టి, తెర కిందికి ఉండేలా పెట్టండి.